తొట్టి కోసం తిప్పలు: చంటివాడితో షికాగో నుంచి హైదరాబాద్ దాకా

మా అబ్బాయిని హాలులో తివాచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక కాలు మెల్లగా చాపి పట్టుకుని, అమ్మ జాకెట్లు కుట్టుకునే టేపుతో తల నుంచి మడమ దాకా కొలిస్తే 64 సెంటీమీటర్లు వచ్చింది. అవతల ఫోనులో విమాన సంస్థ ఉద్యోగిని ఆ అంకె కోసం ఎదురుచూస్తోంది. నాలుగో నెల టీకాలకు వెళ్లినప్పుడు 6.8 కిలోలు తూగాడు కాబట్టి బరువు నాకు కంఠతా వచ్చు గానీ, పొడవు కూడా అడుగుతారని నేను అనుకోలేదు. "గుడ్డ ముక్కను కొలిచినట్టు పిల్లాణ్ణి కొలవడమేంటే, దిష్టి తగులుద్ది" అని అమ్మ వంటింట్లోంచి అంటూనే ఉంది. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలు ఉంది.

ఆ ప్రయాణం తేదీ మేము తీరిగ్గా ఎంచుకున్నది కాదు. నా పురుటికి సాయంగా తెనాలి నుంచి షికాగో శివార్లలోని నేపర్‌విల్‌కు వచ్చిన అమ్మకు అమెరికాలో ఉండటానికి ఐ-94 పత్రంలో ఇచ్చిన ఆరు నెలల గడువు దగ్గర పడుతోంది. మగపిల్లవాడు కాబట్టి అన్నప్రాసన సరి నెలలో, అంటే ఆరో నెల దాటకుండా జరిపించాలని అమ్మా, మా అత్తగారూ ఎన్నడూ లేనంతగా ఒకే మాట మీద ఉన్నారు. మావారికి ఆ వేడుక నాటికి గానీ సెలవు దొరకదు. అందువల్ల ఐదు నెలల పది రోజుల పసివాణ్ణి ఎత్తుకుని, అమ్మను వెంటబెట్టుకుని, ఐరోపాలో ఒకచోట విమానం మారి, మొత్తం మీద పదిహేడు గంటలు గాలిలో ఉండవలసి వచ్చింది. వాడి పాస్‌పోర్టు, భారత్ వీసా, తండ్రి సంతకంతో నోటరీ చేయించిన అనుమతి పత్రం సంపాదించిన కథ వేరే ఉంది. అవన్నీ ఆలస్యంగానైనా ఒక దారిన పడ్డాయి. నా బెంగంతా ఆ పదిహేడు గంటల్లో వాడు ఎక్కడ పడుకుంటాడన్న దాని మీదే.

రెండేళ్లు నిండని పిల్లలకు విమానంలో విడిగా సీటు కొనాలన్న నియమం లేదు. ఒడిలో కూర్చోబెట్టుకునే టికెట్టుకు అంతర్జాతీయ ప్రయాణాల్లో సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు, దాని మీద పన్నులు తీసుకుంటారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మాత్రం, పిల్లలకు ఒడి సురక్షితమైన చోటు కాదని, విడిగా సీటు కొని అందులో ఆమోదం పొందిన కారు సీటు బిగించి కూర్చోబెట్టడమే మేలని ఏళ్ల తరబడి చెబుతోంది. ఉన్నట్టుండి విమానం కుదుపుకు లోనైతే చేతుల్లోని బిడ్డను ఎంత బలంగా పట్టుకున్నా ఆపలేమన్నది దాని వాదన, ఆ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనూ ముందు ఆ సీటు ధరే చూశాను. పెద్దవాళ్ల టికెట్టుకు ఇంచుమించు సమానంగా ఉన్న ఆ మొత్తాన్ని చూశాక, మిగిలిన దారి బాసినెట్ ఒక్కటే అనుకున్నాను. డబ్బు చూసి తీసుకున్న నిర్ణయమే అది. దానికి వేరే పేరు పెట్టి నన్ను నేను సమర్థించుకోను.

బాసినెట్ అంటే, మన ముందు సీటుకు బదులు గోడ ఉండే మొదటి వరుసలో, ఆ గోడకు ఉన్న కొక్కేలకు తగిలించే చిన్న తొట్టి. రెండు నడవలున్న పెద్ద విమానాల్లోనే, అంటే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి వాటిలోనే సాధారణంగా ఇది ఉంటుంది. మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే చిన్న విమానాల్లో దీని ఊసే ఉండదు. అంత పెద్ద విమానంలోనైనా అది తగిలించగల చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బరువు పరిమితి సంస్థను బట్టి సుమారు 9 నుంచి 14 కిలోల దాకా మారుతుంది, కొందరు పొడవు, ఇంకొందరు వయసు కూడా చూస్తారు. నేను ఎక్కవలసిన మొదటి విమానం వాళ్లు 10 కిలోల వరకు అన్నారు. రెండో విమానం వాళ్లే పై టేపు భాగోతానికి కారకులు.

టికెట్లు ఒక ట్రావెల్ వెబ్‌సైటులో కొన్నాం. అక్కడ శిశువును చేర్చిన తరువాత 'బాసినెట్ కావాలి' అని ఒక గడి కనిపిస్తే నొక్కాను, వచ్చిన ఈ-మెయిల్‌లో రెండు విమానాలకూ ఎదురుగా ఆ పదం కనిపించింది, పని అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను. అయిపోలేదు. ఆ మాట పక్కనే చిన్న అక్షరాల్లో 'అభ్యర్థించబడింది' అని ఉందని వారం తరువాత, అది కూడా మావారు చూపిస్తే, నాకు తెలిసింది.

ఇక్కడి నుంచి నేను నేర్చుకున్న విషయాలు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు. మా టికెట్టు ఒక అమెరికా సంస్థ పేరు మీద ఉంది, కానీ రెండో విమానం నడిపేది దాని భాగస్వామి అయిన మరో సంస్థ. ఇలాంటప్పుడు ఒకే ప్రయాణానికి రెండు పీఎన్ఆర్‌లు ఉంటాయి, ఒక సంస్థ కంప్యూటరులో రాసిన కోరిక రెండో సంస్థకు చేరిందో లేదో మనం కనుక్కునే దాకా ఎవరూ కనుక్కోరు. టికెట్టు అమ్మిన సంస్థకు ఫోను చేస్తే "మా దగ్గర నమోదైంది" అన్నారు. నడిపే సంస్థకు చేస్తే "మీ టికెట్టులో శిశువే లేడు" అన్నారు. వెబ్‌సైటు వాడు వాణ్ణి ఒక పక్కే చేర్చాడన్నమాట. శిశువు నమోదైతే తప్ప తొట్టి కోరిక నమోదు కాదు. అందుకే ముందుగా టికెట్టు అమ్మిన వాళ్ల చేత శిశువు వివరాలు అవతలికి పంపించి, ఆ తరువాత నడిపే సంస్థకు మళ్లీ ఫోను చేసి తొట్టి అడగవలసి వచ్చింది.

ఈ ఫోన్లలో నాకు బాగా అక్కరకు వచ్చినవి రెండు పొట్టి మాటలు. ప్రయాణికుల ప్రత్యేక కోరికలను విమానాల వాళ్లు ఎస్‌ఎస్‌ఆర్ అంటారు, అందులో తొట్టికి గుర్తు బీఎస్‌సీటీ, ఒడిలో శిశువుకు ఐఎన్‌ఎఫ్‌టీ. "మా పీఎన్ఆర్‌లో బీఎస్‌సీటీ ఏ స్థితిలో ఉంది?" అని అడిగిన రోజు నుంచి ఫోనులో అవతలివాళ్ల ధోరణే మారింది. హెచ్‌కే అని ఉంటే ఖరారైనట్టు; ఇంకేదైనా చెబితే ఇంకా కాలేదని అర్థం. తెనాలి పెళ్లిళ్లలో వంటవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడితేనే సరుకు దండగ కాదని మా నాన్న అనేవారు, ఇదీ అలాంటిదే.

నాలుగు రోజుల్లో రెండో విమానానికి హెచ్‌కే వచ్చింది. మొదటి విమానం వాళ్ల పద్ధతి వేరు: తొట్టి ఖరారు చేయరు, కోరిక రాసుకుంటారు, ప్రయాణం రోజు గేటు దగ్గర ముందు అడిగినవాళ్లకు ఇస్తారు. అయితే తొట్టి తగిలించే వరుసలో సీట్లు మాత్రం ముందే పట్టుకోవచ్చు. కాళ్లు చాపుకునే జాగా ఎక్కువని ఆ సీట్లను అదనపు ధరకు అమ్ముతారు కూడా. ఆ వరుసలో మాకు నడవ పక్కన ఒకటి, దాని పక్కన ఒకటి దొరికాయి. పక్కనే కూర్చుంటామని మా ఊళ్లకే వస్తున్న మరో పసిబిడ్డ తల్లి అడిగితే కుదరదన్నారు. సీట్ల వరుసకు ఒక ఆక్సిజన్ మాస్కు మాత్రమే అదనంగా ఉంటుంది కాబట్టి, ఒకే వైపు ఒకే వరుసలో ఇద్దరు ఒడి పిల్లలను కూర్చోబెట్టరట.

ఇంట్లో రెండో పంచాయితీ మొదలైంది. అమ్మ ఆవాల దిండు ఒకటి కుట్టింది. తల గుండ్రంగా రావాలంటే అది ఉండాలని, విమానంలో రేకు తొట్టిలో తల ఆనితే నొప్పి పుడుతుందని ఆమె నమ్మకం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లో ఏడాది లోపు పిల్లలను గట్టిగా, చదునుగా ఉన్న పరుపు మీద, వెల్లకిలా, దిండూ దుప్పటీ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టమని ఉంది, మెత్తటివి ముక్కుకు అడ్డం పడితే ఊపిరి ఆడక ప్రాణాపాయమని. ఆ మాట మా డాక్టరు గారే అమ్మతో మెల్లగా, చిన్న చిన్న ముక్కల ఇంగ్లీషులో చెప్పారు. అమ్మ తలూపింది గానీ దారిలో కారులో, "మిమ్మల్నందర్నీ ఆవాల దిండు మీదే పెంచాను, ఎవరికేమైంది?" అంది. నా దగ్గర దానికి సరైన జవాబు లేదు; దిండు మాత్రం పెట్టెలోంచి తీసేశాను. ప్రయాణం ముందురోజు అది మళ్లీ పెట్టెలో, పచ్చడి సీసాలకు మెత్తగా చుట్టి కనిపించింది. అక్కడ ఉంటే నాకు అభ్యంతరం లేదు.

వాడు అప్పటికే ఒక పక్కకు ఒత్తిగిల్లడం మొదలుపెట్టాడు కాబట్టి, గుడ్డలో బిగించి చుట్టడం మానేశాం. చేతులు బయట ఉండే నిద్ర సంచీ తొడిగి, మూడు వారాల పాటు పగటి నిద్ర కూడా ప్లేయార్డు అనే చదునైన పిల్లల పక్కలోనే అలవాటు చేశాం. బంధువుల సలహాలు మాత్రం ఆగలేదు. జలుబు మందు నాలుగు చుక్కలు పోస్తే పది గంటలు పడుకుంటాడని ఒకరు, సీట్ల మధ్య నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టమని ఇంకొకరు. మందు గురించి అడిగితే మా డాక్టరు గారి ముఖం మారిపోయింది. నిద్ర కోసం పసివాళ్లకు అలాంటివి ఇవ్వకూడదని ఖండితంగా చెప్పారు. నేల సంగతి ఆలోచిస్తే చాలు: పై నుంచి జారే ఆక్సిజన్ మాస్కు కింద దాకా అందదు, కుదుపు వస్తే అక్కడ బిడ్డను పట్టి ఉంచేదేమీ లేదు.

బయలుదేరడానికి మూడు రోజుల ముందు అలవాటుగా రెండో సంస్థ సైటులో సీట్ల పటం తెరిచాను. మా సీట్లు ముప్పై ఎనిమిదో వరుసలో, ఎదురుగా మామూలు సీట్లతో కనిపించాయి. విమానం మార్చారట. కొత్త విమానంలో గోడలున్న వరుసల అంకెలు వేరు, కంప్యూటరు మమ్మల్ని అందిన చోటికి సర్దేసింది, బీఎస్‌సీటీ ఎటో పోయింది, మాకు కబురు లేదు. రెండు గంటల పైన ఫోనులో ఉన్నాను. చివరకు ఒక పెద్దావిడ గొంతు, "తొట్టి చోట్లు రెండే ఉన్నాయమ్మా, ఒకటి ఇప్పటికే ఇచ్చేశారు, రెండోదాని పక్క సీట్లు వేరే వాళ్లు డబ్బు కట్టి తీసుకున్నారు, మీ కోరిక మళ్లీ రాస్తున్నాను, విమానాశ్రయంలో అడగండి" అంది. అంతవరకు తిరిగిన ఆరుగురిలో నిజం చెప్పింది ఆవిడే అనిపించింది.

షికాగోలో గేటు తెరవక ముందే వెళ్లి నిలుచున్నాను. తొట్టి ఇస్తామన్నారు. విమానం ఎక్కాక తెలిసిన సంగతి, గోడ వరుసలో ముందు సీటు లేదు కాబట్టి పాల సీసా, డైపర్ల సంచీతో సహా సమస్తం పైకి ఎత్తేయాలి. విమానం లేచే దాకా చేతికి ఏదీ అందదు. అందుకని ఒక డైపరు, తుడిచే గుడ్డ, వాడి లాలాజలం గుడ్డ నా స్వెటరు జేబుల్లో కుక్కుకున్నాను. అమెరికా సంస్థల విమానాల్లో ఒడి పిల్లలకు అదనపు బెల్టు ఇవ్వరు, ఎత్తుకునే క్యారియరులో కట్టుకుని కూర్చోవడానికీ లేచేటప్పుడు, దిగేటప్పుడు అనుమతి లేదు. వాణ్ణి రెండు చేతులతో ఎదకు హత్తుకుని, చెవులు దిబ్బడ పడకుండా పాలు పట్టిస్తూ పైకి లేచాం.

బెల్టు దీపం ఆరాక, ఒక యువకుడు చదునైన నీలిరంగు పెట్టెలాంటిది చంకన పెట్టుకుని వచ్చి, మడతలు విప్పి, గోడకున్న రెండు రంధ్రాల్లో దాని కొక్కేలు దించాడు. కొక్కేలు లోపలికి వెళ్లాక రెండు అరచేతులూ అందులో ఆనించి తన బరువంతా మోపి కిందికి అదిమి చూశాడు, నన్నూ చేయమన్నాడు. లోపల వేలెడు మందం పరుపు, దాని మీద కాగితం లాంటి దుప్పటి. పిల్లవాడి పొట్ట మీదుగా వేసి రెండు పక్కలా అంటించే వల గుడ్డ ఒకటి. నేను పరుపును అరచేత్తో నొక్కి చూశాను, దిగలేదు, మంచిదే అనుకున్నాను. వాడిని వెల్లకిలా దించి, వల అంటించి, అమ్మ వైపు చూశాను. అమ్మ మాట్లాడకుండా వాడి తల కింద తన వేలు దూర్చి గట్టిదనం చూసి, "రేకు కాదులే" అంది.

నలభై నిమిషాలు పడుకున్నాడు. ఆ తరువాత బెల్టు దీపం వెలిగింది, ఆ సంస్థ నియమం ప్రకారం తొట్టిలోంచి తీసి ఒడిలో పెట్టుకోవాలి. ఎనిమిది గంటల్లో అలా నాలుగుసార్లు తీశాను. రెండుసార్లు నిద్ర చెడి, విమానం సగం వినేలా ఏడ్చాడు. బాసినెట్ అంటే రాత్రంతా పడుకునే పక్క కాదని, విమానం నిలకడగా ఉన్నంతసేపే మనది అని నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఇంకో చిన్న విషయం: గోడ పక్కనే మరుగుదొడ్డి ఉండటంతో తలుపు తెరిచిన ప్రతిసారీ వెలుగు వాడి ముఖం మీద పడేది. తొట్టి మీద దుప్పటి కప్పితే వెలుగుతో పాటు గాలి కూడా ఆగిపోతుంది కాబట్టి, ఆ పని చేయకుండా అమ్మ తన శాలువాను అటువైపు చేత్తో పట్టుకుని కూర్చుంది, చేయి నొప్పి పుట్టేదాకా.

మారే చోట కౌంటరులోని అమ్మాయి తెర చూసి, లేదన్నట్టు తలాడించింది. మిగిలిన ఆ ఒక్క చోటును కూడా రెండు నెలల బిడ్డ ఉన్న కుటుంబానికి ఇచ్చారు. మా వాడి కంటే ఆ బిడ్డకే అది ఎక్కువ అవసరం, కోపం రావడానికి కూడా వీల్లేకపోయింది. ఆ అమ్మాయి మా కోసం చేసిన ఉపకారం, ఒకాయన్ని ముందుకు జరిపి మా పక్క సీటు ఖాళీగా ఉంచడం. ఈ విమానంలో నా బెల్టుకు తగిలించి వాడి నడుము చుట్టూ వేసే చిన్న బెల్టు ఇచ్చారు, ఒకే ప్రయాణంలో నియమం ఇలా తిరగబడటం వింతగానే ఉంది.

ఆ తొమ్మిది గంటలూ వాడు మా ఇద్దరి చేతుల్లోనే పడుకున్నాడు. అలసిపోయిన మనిషి చేతుల్లో పసివాడు ఉండగా కునుకు పడితే, వాడి ముఖం మన ఒంటికో సీటుకో ఒత్తుకుపోయే ప్రమాదం ఉందని చదివి ఉన్నాను కాబట్టి, ఒక నియమం పెట్టుకున్నాం: ఎత్తుకున్నవాళ్లు నిద్రపోకూడదు, గంటకోసారి మార్చుకోవాలి, వాడి గడ్డం ఛాతీకి ఆనకుండా తల వెనక్కు ఉండాలి, ముక్కు ఎప్పుడూ కనబడాలి. ఖాళీ సీటులో వాణ్ణి ఒంటరిగా పడుకోబెట్టాలని నాకు రెండుసార్లు బుద్ధి పుట్టింది. సీటు అంచు నుంచి దొర్లడానికి వాడికి ఒక్క ఒత్తిగిలింత చాలు. అమ్మ వంతు వచ్చినప్పుడు నిద్ర ఆపుకోవడానికి విష్ణు సహస్రనామం మెల్లగా చదువుకుంది. ఆగినట్టు అనిపిస్తే నేను కళ్లు తెరిచి చూసేదాన్ని, ఆవిడ "చదువుతూనే ఉన్నా, పడుకో" అనేది. శంషాబాద్‌లో దిగేసరికి ఇద్దరి మెడలూ పట్టేశాయి, వాడు మాత్రం హుషారుగా ఉన్నాడు.

అన్నప్రాసన అయ్యాక తిరుగు ప్రయాణానికి వాడికి ఆరున్నర నెలలు. బరువు 8 కిలోలు కాబట్టి లెక్క ప్రకారం తొట్టి ఇంకా ఇస్తారు. కానీ అప్పటికి బోర్లా తిరిగి, చేతుల మీద లేచి, మంచం అంచు మీదుగా తొంగి చూస్తున్నాడు. అలా లేచే పిల్లవాడికి గోడకు వేలాడే తొట్టి పనికిరాదని కిలోలతో పని లేకుండానే తెలుస్తుంది. ఈసారి వాడికి సీటు కొన్నాం. మావారు వస్తూ కారు సీటు తెచ్చారు. 'మోటారు వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడటానికి ధ్రువీకరించబడింది' అన్న అర్థం వచ్చే వాక్యం దాని పక్కన ఎర్ర అక్షరాల్లో ఉందని, వెడల్పు 16 అంగుళాలు దాటలేదని ముందే చూసుకుని, రెండు సంస్థలకూ ఫోను చేసి రాయించాం. ఎవరి దారికీ అడ్డం రాకుండా కిటికీ పక్క సీటులో, వెనక్కు తిరిగి ఉండేలా, మామూలు సీటు బెల్టుతోనే బిగించాం. బిగిస్తున్నంతసేపూ పక్కన నిలబడిన ఎయిర్‌హోస్టెస్ ఆ ఎర్ర అక్షరాలను వేలితో చదివి చూసి వెళ్లింది. ముందు సీటాయన వాలడానికి వీలు కాక కాస్త గొణిగాడు, మావారు ఆయనకు రెండుసార్లు క్షమాపణ చెప్పారు. కుదుపులు వచ్చినప్పుడు దీపం వెలిగినా వాణ్ణి కదపవలసిన పని లేకపోయింది, నిద్రలోంచి లేపవలసిన పని అంతకన్నా లేకపోయింది.

ఇల్లు చేరగానే తెనాలికి ఫోను చేశాను. అమ్మ ముందు అడిగింది, "తొట్టి ఇచ్చారా ఈసారన్నా?" అని.

"లేదమ్మా, వాడికి సీటే కొన్నాం."

"ఆరు నెలల పిల్లాడికి సీటా! ఎంతయ్యిందే?"

చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.